ఊరు దాటే స్లైడు

పిల్లలూ! నెల్లిమర్ల నుంచి రామతీర్థం వెళ్లేటప్పుడు ఎప్పుడైనా గమనించారా? దూరం నుంచి కొండ మొత్తం కనిపిస్తుంది, రాళ్లు విడివిడిగా కనిపించవు. దగ్గరకు వెళితే రాతి మీది గీతలు కూడా తెలుస్తాయి, కాని కొండ మొత్తం చూపులో ఇమడదు. ఈ చిన్న సంగతి ఆధారంగానే ఒక ఊళ్లోని వైద్యపరీక్ష స్లైడును ఇవాళ మరో ఊళ్లో కూర్చుని చూడగలుగుతున్నారు. ఎలాగో తెలుసుకుందాం.

మీరు బడిలో ఉల్లిపొర స్లైడు చేసే ఉంటారు. వైద్యంలోనూ అంతే. ఒంట్లో గడ్డ లేస్తే డాక్టరు అందులోంచి చిన్న ముక్క తీసి పరీక్షకు పంపుతారు. దాన్ని మైనంలో బిగించి, మైక్రోటోమ్ అనే యంత్రంతో సుమారు 4 మైక్రాన్ల మందాన పొరలుగా కోస్తారు. మైక్రాను అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. మన తలవెంట్రుక ఆ పొర కంటే పది రెట్లకు పైగా మందం! పొరను గాజు మీద పరచి హెమటాక్సిలిన్, ఇయోసిన్ అనే రంగులు పట్టిస్తారు. కణాల కేంద్రకాలు ఊదా నీలంగా, మిగతా భాగం గులాబీ రంగులో కనిపిస్తాయి. వాటి ఆకారం, అమరిక చూసి అది మామూలు గడ్డా, క్యాన్సరా అన్నది పాథాలజిస్టు తేలుస్తారు.

మన నెల్లిమర్లలోని మిమ్స్ వంటి ప్రతి వైద్య కళాశాలలోనూ పాథాలజీ విభాగం ఉంటుంది. అయితే కొన్ని జబ్బులు అరుదైనవి. వాటిని బాగా ఎరిగిన నిపుణులు ఏ హైదరాబాదులోనో, ముంబయిలోనో ఉండవచ్చు. అప్పుడు రోగి బంధువులు స్లైడు పట్టుకుని రైలెక్కాలి, లేదా కొరియరులో పంపాలి. దారిలో గాజు పగలవచ్చు. రోజులు గడుస్తాయి. ఆ జవాబు వచ్చేదాకా సరైన వైద్యం మొదలు కాదు.

ఈ ఇబ్బంది తప్పించే ప్రయత్నం కొత్తది కాదు. 1986లో అమెరికాలోని ఎల్‌పాసోలో ఉంచిన సూక్ష్మదర్శినిని, వాషింగ్టన్ నుంచి ఉపగ్రహం ద్వారా నడిపి స్లైడు చూశారు. డాక్టర్ రొనాల్డ్ వైన్‌స్టీన్ ఈ పద్ధతికి టెలిపాథాలజీ అని పేరు పెట్టారు.

ఇప్పుడు స్కానర్లు వచ్చాయి. స్కానరు స్లైడును భాగాలుగా ఫొటోలు తీసి ఒకే బొమ్మగా అతుకుతుంది. ఆ బొమ్మ ఎంత పెద్దదో లెక్క కడదాం. కణజాలం 15 మిల్లీమీటర్ల చతురస్రం అనుకోండి. పావు మైక్రానుకు ఒక చుక్క చొప్పున తీస్తే, ఒక వైపు 60,000 చుక్కలు. మొత్తం 60,000 × 60,000 = 360 కోట్లు! ఒక్కో చుక్క రంగుకు 3 బైట్లు. వెరసి 1,080 కోట్ల బైట్లు. కుదించి దాచినా ఇంత బొమ్మ సెల్‌ఫోనుకు ఎప్పటికి చేరేను?

ఇక్కడే కొండ ఉపాయం పనికివస్తుంది. కంప్యూటరు ఆ బొమ్మకు సగం కొలతతో ఒక నకలు, దానికి సగంతో మరొకటి, ఇలా చిన్న చిన్న నకళ్లు చేస్తుంది. ప్రతి నకలునూ 256 చుక్కల గడులుగా కోస్తుంది. అడుగునున్న పెద్ద బొమ్మలో 235 × 235 = 55,225 గడులు. ఫోను తెరకు పట్టేవి వాటిలో కొన్ని మాత్రమే. డాక్టరు ముందు చిన్న నకలు చూస్తారు. అనుమానం ఉన్న చోట వేలితో పెద్దది చేస్తే, ఆ చోటి గడులు మాత్రమే వస్తాయి. బొమ్మంతా సర్వరులోనే ఉంటుంది. అందుకే నెల్లిమర్లలో కంప్యూటరు ముందున్నవారూ, ముంబయిలో ఫోను పట్టుకున్నవారూ ఒకే కణాన్ని ఒకేసారి చూస్తూ చర్చించుకోవచ్చు. వేర్వేరు కంపెనీల యంత్రాలు ఒకే పద్ధతి పాటించేందుకు డైకామ్ అనే ప్రమాణంలో 2010లో స్లైడు బొమ్మలకూ నియమాలు చేర్చారు.

దీన్ని నమ్మవచ్చా? సుమారు 2,000 కేసుల్లో సూక్ష్మదర్శినితో పోల్చి చూశాకే, 2017లో అమెరికా ఇలాంటి ఒక స్కానర్ వ్యవస్థతో రోగనిర్ధారణ చేయడానికి తొలిసారి అనుమతించింది. అయినా జాగ్రత్తలు తప్పవు. స్కాను మసకగా వస్తే దూరాన ఉన్న డాక్టరు దాన్ని సరిచేయలేరు. మళ్లీ తీయవలసిందే. స్లైడు మీది చీటీలో రోగి పేరు ఉంటే, బొమ్మ పంపే ముందు దాన్ని కప్పిపుచ్చాలి. జబ్బు సంగతి రోగి సొంత విషయం కదా!

మీరూ చేసి చూడండి. గ్రాఫు కాగితం మీద 8 × 8 గడుల చతురస్రం గీయండి. దాని పక్కన 4 × 4, 2 × 2, 1 × 1 గీయండి. అసలు గడులు 64. నకళ్లకు అదనంగా పట్టినవి 21 మాత్రమే, అంటే మూడో వంతు లోపే. ఆ కాస్త అదనపు చోటు ఒక రోగికి ఎన్ని రోజుల నిరీక్షణ తప్పిస్తుందో ఆలోచించండి!