పొగ ఎవరి ఖాతాలో రాయాలి?

పిల్లలూ, మీ సైకిలు వీధిలో ఎంత వేగంగా పోయినా పొగ రాదు గదా! కాని ఆ సైకిలుకు కావలసిన ఉక్కు తయారైనచోట బోలెడు పొగ వచ్చింది. ఆ పొగ ఎవరి ఖాతాలో రాయాలి? ఉక్కు చేసినవారి ఖాతాలోనా, సైకిలు తొక్కేవారి ఖాతాలోనా?

ఇనుపరాయిలో ఇనుము ప్రాణవాయువుతో కలిసి ఉంటుంది. ఈ రెంటినీ విడదీయటానికి, విశాఖపట్నం ఉక్కు కర్మాగారం వంటిచోట్ల, బ్లాస్టు ఫర్నేసు అనే పెద్ద కొలిమిలో రాయినీ కోకుబొగ్గునూ వేసి మండిస్తారు. బొగ్గు ఆ ప్రాణవాయువును లాక్కుని బొగ్గుపులుసు వాయువుగా మారిపోతుంది. ఇనుము కరిగి అడుగుకు దిగుతుంది. ఇలా 1 టన్ను ఉక్కు తయారయేసరికి సుమారు 2 టన్నుల బొగ్గుపులుసు వాయువు గాలిలో కలుస్తుంది. అది కంటికి కనిపించదు. కాని భూమి వేడిని పైకి పోనివ్వక ఆపుతుంది.

ఐరోపా సమాఖ్యవారు 2005 నుంచి తమ కర్మాగారాలు వదిలే ఈ వాయువుకు ధర కట్టారు. అప్పుడొక చిక్కు వచ్చింది. అక్కడి ఉక్కు ప్రియమైతే, వర్తకులు అటువంటి ధర లేని దేశాలనుంచి ఉక్కు తెప్పించుకుంటారు. పొగ ఒకచోట తగ్గి మరొకచోట పెరుగుతుంది. గాలికి పొలిమేరలు లేవు గదా, భూమికి ఏమి లాభం?

అందుచేత వారు మరొక ఏర్పాటు చేశారు. ఉక్కు, అల్యూమినియం, సిమెంటు, ఎరువులు మొదలైనవి దిగుమతి చేసుకునేవారు, వాటి తయారీలో ఎంత వాయువు వెలువడిందో 2023 అక్టోబరు 1 నుంచి లెక్క చెప్పాలి. 2026 జనవరి 1 నుంచి వచ్చే సరుకుకు డబ్బు కూడా చెల్లించాలి. సరుకు తయారైన దేశంలోనే ఆ ధర చెల్లించి ఉంటే, అంతమేరకు మినహాయిస్తారు.

దీనికి మన దేశం అభ్యంతరం చెప్పింది. ధనిక దేశాలు ఎంతో కాలంగా బొగ్గు కాల్చి బాగుపడ్డాయి. ఆలస్యంగా కర్మాగారాలు కట్టుకున్నవారు కూడా వారితో సమానంగా ఇచ్చుకోవాలంటే ఎలా? మన ఉక్కు అక్కడ ప్రియమై అమ్ముడుపోకపోతే, ఇక్కడ కార్మికుడి పనికి ముప్పు వస్తుంది. ఈ మాటా ఆలోచించవలసిందే.

అయితే, పాత ఇనుమును కరెంటు కొలిమిలో కరిగించి ఉక్కు చేస్తే ఈ వాయువు చాలా తక్కువగా వస్తుంది. కనక మీ ఇంట్లో తుప్పుపట్టిన సైకిలు మూలపడి ఉంటే, పాత ఇనుము కొనేవాడికి ఇచ్చెయ్యండి. ఖాతా ఎవరిదో పెద్దలు తేల్చుకునేలోపల, అందులో రాయవలసిన లెక్కను మీరు కాస్త తగ్గించినవారవుతారు!