గొలుసు రంపం ఎలా కోస్తుంది?

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖపట్నాన్ని తాకింది. ఎక్కడ చూసినా చెట్లు కూలి రోడ్లకు అడ్డంగా పడ్డాయి. అంబులెన్సు కదలాలన్నా, మంచినీళ్ళ ట్యాంకరు రావాలన్నా ముందు ఆ చెట్లను తొలగించాలి కదా! ఇలాంటప్పుడు గొడ్డలితో పూటంతా పట్టే పనిని నిమిషాల్లో ముగించే సాధనం పెట్రోలుతో నడిచే గొలుసు రంపం. అది ఎలా పనిచేస్తుందో తెలుసుకుందామా?

వడ్రంగి రంపాన్ని ముందుకూ వెనక్కూ ఆడించాలి. గొలుసు రంపంలో పళ్ళు సైకిలు గొలుసు వంటి గొలుసుకు బిగించి ఉంటాయి. పొడవాటి ఉక్కు బద్ద అంచున ఉన్న గాడిలో ఆ గొలుసు ఆగకుండా ఒకే దిశలో పరుగెడుతుంది. పూర్తి వేగంలో అది సెకనుకు సుమారు 20 మీటర్లు పోతుంది. అంటే గంటకు 72 కిలోమీటర్లు!

దీనికి సాధారణంగా రెండు స్ట్రోకుల ఇంజను వాడతారు. ఎందుకు? రంపాన్ని ఎటు వాల్చినా ఇంజను నడవాలి. అడుగున ఆయిల్ నిలవ ఉండే ఇంజనైతే వాల్చగానే ఆయిల్ ఒక పక్కకు చేరిపోతుంది. అందుకే ఇందులో ఆయిల్‌ను పెట్రోలులోనే కలిపి పోస్తారు. చాలా రంపాలకు లీటరు పెట్రోలుకు 20 మిల్లీలీటర్ల ఆయిల్ చాలు. ఒకప్పటి లూనా బండ్లకూ ఇలాగే కలిపేవారు, మీ ఇంట్లో పెద్దలను అడగండి. ఆయిల్ కలపడం మరిచిపోతే పిస్టను రాపిడికి వేడెక్కి బిగుసుకుపోతుంది.

ఇంజను నెమ్మదిగా తిరిగేటప్పుడు గొలుసు కదలదు. వేగం పెంచితేనే కదులుతుంది. దీనికి కారణం క్లచ్. రంగులరాట్నం జోరుగా తిరిగితే మనం బయటికి తూలినట్టు అనిపిస్తుంది కదా! అలాగే క్లచ్‌లోని బరువులు బయటికి జరిగి, చుట్టూ ఉన్న డ్రమ్మును పట్టుకుని తిప్పుతాయి. వేగం తగ్గించినా గొలుసు ఆగకపోతే ఆ రంపాన్ని బాగుచేయించేదాకా వాడకూడదు.

ఈ పళ్ళ వెనక ఒక పురుగు కథ ఉంది. 1946లో అమెరికాలోని ఆరెగాన్‌లో జోసెఫ్ కాక్స్ అనే కలప కార్మికుడు చెక్కను తొలిచే ఒక పురుగు పిల్లను గమనించాడు. అది దవడలతో కుడికీ ఎడమకూ చెక్కుకుంటూ పోతోంది. ఆ దవడల ఆకారాన్నే ఉక్కులో చేసి, 1947లో కొత్త గొలుసును తెచ్చాడు. నేటి గొలుసుల్లోనూ పళ్ళు ఒకటి కుడికి, ఒకటి ఎడమకు ఉంటాయి.

ఇక ప్రమాదం సంగతి. బద్ద కొన పైభాగం కొమ్మకు తగిలితే పళ్ళు అక్కడ చిక్కుకుంటాయి. పళ్ళు చెక్కను నెట్టినంత బలంగా చెక్క రంపాన్ని నెడుతుంది. ఇది న్యూటన్ మూడో సూత్రమే! రెప్పపాటులో రంపం పైకి లేచి మనిషి మీదికి వస్తుంది. అందుకే రెండు చేతులతో, బొటనవేళ్ళు పిడి చుట్టూ బిగించి పట్టుకోవాలి. ముందు పిడి దగ్గరున్న అడ్డుపలక ముందుకు వాలితే బ్రేకు పడి గొలుసు ఆగిపోతుంది. పని మొదలుపెట్టే ముందు ఆ బ్రేకును పరీక్షించాలి. హెల్మెట్టు, కళ్ళద్దాలు, చెవులకు రక్షణ, గట్టి బూట్లు తప్పనిసరి.

ఇంజను ఆపి, చల్లారాకే పెట్రోలు పోయాలి. పోసిన చోటికి కనీసం 3 మీటర్ల దూరంలో స్టార్టు చేయాలి. గొలుసుకు వేరే ట్యాంకులో ఆయిల్ ఉంటుంది, అది అయిపోనివ్వకూడదు. వేడికి గొలుసు సాగుతుంది కనుక బిగువును తరచూ చూసుకోవాలి. గాలి ఫిల్టరులో పొట్టు నిండితే ఇంజనుకు గాలి చాలక పొగ కక్కుతుంది. పళ్ళను గుండ్రటి ఆకురాయితో, ప్రతి పంటికీ అన్నే సార్లు రాయాలి. ఒక పక్క పళ్ళు అరిగిపోతే కోత వంకరపోతుంది.

గొలుసు రంపాన్ని మీరు ముట్టుకోకండి. అది శిక్షణ పొందిన పెద్దల పని. చెట్టు కొట్టేటప్పుడు దాని ఎత్తుకు రెట్టింపు దూరంలో నిలబడి చూడండి. కోత ముగిశాక అక్కడి పొట్టును పరిశీలించండి. చిన్న చిన్న పేళ్ళుగా ఉంటే పళ్ళు పదునుగా ఉన్నట్టు. పిండిలా ఉంటే మొద్దుబారినట్టు. మొద్దు రంపాన్ని బలంగా నొక్కాలి. నొక్కేకొద్దీ చేతులు అలసిపోతాయి, పట్టు సడలుతుంది. పిండిలాంటి పొట్టు కనిపిస్తే ఆ సంగతి కోసేవారికి చెప్పండి. ఆ ఒక్క మాట ఒక మనిషిని కాపాడవచ్చు!