వరిగడ్డి తగలబెట్టకండి: ముందు పుట్టగొడుగులు, తర్వాత పెరటి మడులకు కప్పు

వరి కోతలు అయిన వారం పది రోజులకు ఏ ఊరికి వెళ్లినా రెండు విషయాలు కనిపిస్తాయి. ఊరి బయట పొలాల్లో గడ్డికి నిప్పు పెడతారు. అదే వారం సంతలో, అదే రైతు కుటుంబం టమాటా, వంకాయ, పచ్చిమిర్చి డబ్బు పెట్టి కొంటుంది.

మిషన్ కోత తర్వాత గడ్డి పొలమంతా చెదిరిపోతుంది. ఏరాలంటే కూలి ఖర్చు, రెండో పంటకు దుక్కి తొందర. ఆ ఇబ్బంది నాకు తెలుసు. పొలంలోని గడ్డి అంతటికీ ఈ వ్యాసంలో పరిష్కారం చెప్పడం లేదు. పశువులకు వాము వేసుకున్నాక ఒక 30 కిలోల మంచి గడ్డి ఇంటికి తెచ్చుకోండి చాలు. దానితో చలికాలంలో పుట్టగొడుగులు తినవచ్చు. మిగిలిన గడ్డితో ఎండాకాలంలో కూరగాయల మడులను కాపాడుకోవచ్చు.

కాలం ఎలా కలిసి వస్తుంది?

ఖరీఫ్ వరిగడ్డి నవంబరు, డిసెంబరు నెలల్లో చేతికి వస్తుంది. ముత్యపు చిప్ప పుట్టగొడుగులకు 20 నుంచి 30 డిగ్రీల వేడి, గాలిలో 80 శాతం పైగా తేమ కావాలి. మన ప్రాంతంలో అక్టోబరు నుంచి ఫిబ్రవరి వరకు వీటికి అనువైన కాలం. రెండు మూడు కాపులు కోసుకునేసరికి ఫిబ్రవరి వస్తుంది. సరిగ్గా అప్పుడే మడుల్లో తేమ ఆరిపోవడం మొదలవుతుంది, కప్పు అవసరం పడుతుంది.

ఒకదాని వ్యర్థం ఇంకొకదానికి ఆహారం కావాలన్నదే పర్మాకల్చర్‌లో ముఖ్యమైన ఆలోచన. ఈ మాటను 1970లలో ఆస్ట్రేలియాలో బిల్ మోలిసన్, డేవిడ్ హోమ్‌గ్రెన్ వాడుకలోకి తెచ్చారు. 2017లో దీనిపై అంతర్జాతీయ సమావేశం హైదరాబాదులో జరిగింది. మాట కొత్తదే కానీ, గిన్నెలు కడిగిన నీళ్లు అరటి పాదుకు మళ్లించిన మన పెద్దవాళ్లకు ఈ పద్ధతి కొత్త కాదు.

పుట్టగొడుగులు పెంచే విధానం

1. గడ్డి ఎంపిక: ఆ ఏడాది పంటది, బంగారు రంగులో ఉన్నది, వానకు తడవనిది తీసుకోవాలి. కోతకు కొద్ది రోజుల ముందు మందు కొట్టిన పొలంలోని గడ్డి వద్దు.

2. నానబెట్టడం: గడ్డిని 3 నుంచి 5 సెంటీమీటర్ల ముక్కలుగా కోసి, మంచి నీటిలో 4 నుంచి 6 గంటలు నానబెట్టాలి.

3. వేడి నీటిలో ఉంచడం: నీళ్లు దించేసి, గడ్డిని గోనె సంచిలో కట్టి, 80 డిగ్రీల వేడి నీటిలో గంట సేపు ముంచి ఉంచాలి. నీళ్లు తెర్లకముందు, అడుగు నుంచి చిన్న బుడగలు లేచే వేడి ఇది. కొందరు ఫార్మలిన్, కార్బెండజిమ్ కలిపిన నీటిలో గడ్డి నానబెడతారు. ఇంట్లో తినడానికి పెంచుకునే కొద్ది గడ్డికి ఆ మందులు అవసరం లేదు, వేడి నీళ్లు చాలు.

4. తేమ చూడటం: శుభ్రమైన పరదా మీద నీడలో ఆరబెట్టాలి. గుప్పిట్లో గట్టిగా పిండితే నీటి చుక్క రాలకూడదు, అరచేయి మాత్రం తడి కావాలి. అదే సరైన పదును.

5. విత్తనం వేయడం: పుట్టగొడుగుల విత్తనాన్ని స్పాన్ అంటారు. కిలో ఎండు గడ్డికి 100 గ్రాములు సరిపోతుంది. పాలిథిన్ సంచిలో రెండు మూడు అంగుళాల మందాన గడ్డి పరచి, అంచుల వెంట విత్తనం చల్లాలి. ఇలా నాలుగైదు వరుసలు వేసి, అదిమి, మూతి కట్టాలి. సంచి చుట్టూ 10 నుంచి 12 చిన్న రంధ్రాలు చేయాలి.

6. చీకటి గది: 15 నుంచి 20 రోజుల్లో గడ్డి అంతటా తెల్లని దారాలు అల్లుకుంటాయి. అంతవరకు సంచిని కదిలించకూడదు, విప్పకూడదు.

7. కాపు: తర్వాత సంచిని కోసి తీసేసి, గడ్డి దిమ్మను వెలుతురు, గాలి తగిలే చోట ఉట్టిలా వేలాడదీయాలి. ఎండ నేరుగా తగలకూడదు. రోజుకు రెండు మూడు సార్లు నీళ్లు తుంపరగా చల్లాలి. చుట్టూ తడి గోనె పట్టాలు కట్టి తేమ నిలపాలి. నాలుగైదు రోజుల్లో మొగ్గలు వస్తాయి. తర్వాత మూడు రోజులకు కోతకు వస్తాయి. వారం పది రోజుల తేడాతో మరో రెండు కాపులు తీసుకోవచ్చు.

బాగా చూసుకుంటే కిలో ఎండు గడ్డికి అర కిలో నుంచి ముప్పావు కిలో పుట్టగొడుగులు వస్తాయి. అంచులు పైకి ముడుచుకోకముందే, మొదలు పట్టుకుని మెలితిప్పి కోయాలి. ఆలస్యం చేస్తే పొడిలాంటి బీజాలు గాలిలోకి లేస్తాయి. వాటివల్ల కొందరికి దగ్గు, ఆయాసం వస్తాయి. అందుకే పడక గదిలో వీటిని పెంచవద్దు. కోసేటప్పుడు ముక్కుకు గుడ్డ కట్టుకోండి.

నేను చేసిన తప్పు

ఉద్యోగంలో చేరిన కొత్తలో మా ఇంటి వసారాలో ఆరు సంచులు కట్టాను. వాము అడుగున వానకు తడిసి ఆరిన గడ్డి వాడాను. పైకి బాగానే కనిపించింది. వారం తిరగకుండా నాలుగు సంచులకు పచ్చ బూజు పట్టింది. గడ్డి దగ్గర పొదుపు చేసి విత్తనం డబ్బు పోగొట్టుకున్నాను.

పచ్చ బూజు కనిపించిన సంచిని వెంటనే గది బయటకు, దూరంగా తీసేయాలి. ఇది ఎక్కువగా ట్రైకోడెర్మా శిలీంధ్రం. నేలలో వేరుకుళ్లు రాకుండా మనం వాడుకునే ట్రైకోడెర్మా పుట్టగొడుగుల గదిలో మాత్రం శత్రువు. మొక్కలకు ట్రైకోడెర్మా పొడి కలిపిన చేతులతో సంచులు ముట్టుకోవద్దు.

వాడిన గడ్డిని మడులకు వేయడం

కాపు అయిపోయిన దిమ్మలను విడదీసి, పుట్టగొడుగుల గదికి దూరంగా, నీడలో కుప్ప వేసి తడుపుతూ మూడు నాలుగు వారాలు మాగనివ్వాలి. తర్వాత మడుల మీద రెండు అంగుళాల మందాన పరచాలి. 30 కిలోల గడ్డితో మొదలుపెడితే నాలుగైదు చిన్న మడులకు వస్తుంది. కాండానికి నాలుగు వేళ్ల దూరం వదలాలి, లేకపోతే మొదలు కుళ్లుతుంది. మాగని గడ్డిని మట్టిలో కలిపి తవ్వవద్దు. గడ్డి కుళ్లేటప్పుడు నేలలోని నత్రజనిని సూక్ష్మజీవులు వాడుకుంటాయి, మొక్కలు పసుపు రంగుకు మారతాయి. ఎర్ర నేలల్లో చెదలు వచ్చే అవకాశం ఉంది కాబట్టి కప్పును పూర్తిగా ఎండనివ్వకుండా, వారానికోసారి ఎత్తి చూసుకోవాలి.

మడుల్లో తోడు మొక్కలు

రెండు సెంట్ల స్థలం, అంటే గుంట కంటే కాస్త తక్కువ ఉన్నా ఇవి పాటించవచ్చు.

- టమాటాకు బంతి: శనగపచ్చ పురుగు తల్లి రెక్కల పురుగు బంతి పూల మీద గుడ్లు పెట్టడానికి ఇష్టపడుతుంది. బంతి నారు టమాటా కంటే 15 రోజులు ముందు పోయాలి, అప్పుడే రెండూ ఒకేసారి పూతకు వస్తాయి. పురుగు పట్టిన పూలను తుంచి నాశనం చేయాలి. బంతి వేర్ల వల్ల నులిపురుగులు కూడా తగ్గుతాయి.
- క్యాబేజీకి ఆవాలు: క్యాబేజీ నాటడానికి 15 రోజుల ముందు మడి చుట్టూ ఆవాలు చల్లితే డైమండ్ బ్యాక్ మాత్ అటు మళ్లుతుంది.
- మిరప, బెండ చుట్టూ జొన్న లేదా మొక్కజొన్న: రెండు మూడు వరుసలు దగ్గరగా వేస్తే తెల్లదోమ, పేనుబంక రాకను కొంత అడ్డుకుంటాయి.
- గట్టు మీద ఆముదం: పొగాకు లద్దె పురుగు గుడ్ల సముదాయాలు ఆముదం ఆకుల కింద దొరుకుతాయి. రెండు రోజులకోసారి ఆ ఆకులు తుంచాలి. తుంచకపోతే మనమే పురుగును పెంచినట్టు అవుతుంది.
- అక్కడక్కడ కొత్తిమీర, సోంపు: కొన్ని మొక్కలను పూతకు వదిలితే పేనుబంకను తినే అక్షింతల పురుగులు వస్తాయి.
- కంచెకు చిక్కుడు, పందిరికి సొర, బీర, అరటి నీడలో అల్లం, పసుపు, చామ వేసుకోవచ్చు.

టమాటా, వంగ, మిరప ఒకే కుటుంబం. ఒకదాని తర్వాత ఒకటి అదే మడిలో వేయవద్దు. మధ్యలో ఆకుకూర గానీ, అలసంద గానీ వేయాలి.

ఒక ముఖ్యమైన హెచ్చరిక

వాడిన గడ్డి కుప్ప మీద, మడి కప్పు మీద వానలకు రకరకాల గొడుగులు లేస్తాయి. అవన్నీ మనం వేసినవి కావు. వాటిని తినవద్దు, పిల్లలకు కూడా చెప్పండి. వెండి చెంచా నల్లబడకపోతే మంచిదని, పురుగు తింటే మనమూ తినవచ్చని ఊళ్లలో చెప్పే పరీక్షలు నమ్మదగినవి కావు. కొన్ని విషాలు వండినా పోవు. కొన్నిటి లక్షణాలు తిన్న ఆరు గంటల తర్వాత గాని కనిపించవు. వాంతులు, విరేచనాలు ఒకసారి తగ్గినట్టనిపించినా లోపల కాలేయం దెబ్బతింటూ ఉండవచ్చు. అనుమానం వస్తే ఆగకుండా ఆసుపత్రికి వెళ్లాలి. మిగిలిన పుట్టగొడుగును కూడా తీసుకెళ్లాలి.

ఎంతతో మొదలుపెట్టాలి?

మొదటి ఏడాది రెండు సంచులతో మొదలుపెట్టండి. తాజా పుట్టగొడుగులు బయట ఒక రోజుకు మించి నిలవవు. కొనేవారు లేకుండా వంద సంచులు కట్టితే నష్టమే. "సామగ్రి మా దగ్గర కొనండి, పంట మేమే కొంటాం" అని ముందే డబ్బు అడిగేవారి విషయంలో జాగ్రత్తగా ఉండండి. వాళ్ల దగ్గర ఇంతకుముందు కొన్న రైతులతో మాట్లాడకుండా పైసా ఇవ్వకండి.

విత్తనం కోసం, శిక్షణ కోసం దగ్గరలోని కృషి విజ్ఞాన కేంద్రంలో గానీ, వ్యవసాయ విశ్వవిద్యాలయంలో గానీ అడగండి. విత్తనం తెల్లగా, తాజాగా ఉండాలి. పచ్చ, నల్ల మచ్చలున్నా, పుల్లటి వాసన వచ్చినా తీసుకోవద్దు.

ఈ కోతలకు మీరు చేయాల్సిన పని ఒక్కటే: నిప్పు పెట్టే ముందు ఒక మోపు మంచి గడ్డి కట్టి, తడవని చోట, ఎత్తు మీద దాచుకోండి. మిగతాది ఒక్కొక్కటిగా చేసుకోవచ్చు.