మొండి మరకలు, బోరునీరు, బ్లీచింగ్ పౌడరు

త్రాగునీటి ట్యాంకులను, బావులను శుద్ధి చేయుటకై పంచాయతీలలో బ్లీచింగ్ పౌడరు నిల్వ యుంచుట అందరెరిగిన సంగతియే. ఆ బస్తానుండి అప్పుడప్పుడు గుప్పెడు పొడి కాగితపు పొట్లములో ఇండ్లకు పోవుచుండుటయు గ్రామములలో క్రొత్త సంగతి కాదు. తెల్లచొక్కాపై ఆకువక్క మరక పడినను, బడిపిల్లవాని దుస్తులకు త్రుప్పు అంటినను, పట్టుచీరపై నూనె ఒలికినను "కొంచెము బ్లీచింగు వేసిన పోవును" అను సలహా వినవచ్చును. ఈ మాటలో కొంత నిజము కలదు. ప్రమాదము కూడ అందువలననే కలుగుచున్నది.

నిజమునకు ఆ పొడి పుట్టినది బట్టల కొరకే. 1799లో స్కాట్లండు దేశపు గ్లాస్గో నగరమున చార్లెస్ టెన్నెంట్ అనునతడు పొడిసున్నమునకు క్లోరిను వాయువును పట్టించి దీనిని తయారు చేయు పద్ధతికి పేటెంటు హక్కు పొందెను. అంతకు పూర్వము అచ్చటివారు నేతబట్టలను క్షారజలములో నానవేసి, పులిసిన పాలలో ఉంచి, పచ్చికబయళ్లపై నెలల తరబడి ఎండకు పరచెడివారు. నీటిని శుద్ధి చేయుటకు ఈ పొడి అక్కరకు వచ్చుట తరువాతి కాలపు మాట. అయితే అది మేలు చేసినది నూలుబట్టలకు, నారబట్టలకు. మన మరకలన్నియు దానికి లొంగునవి కావు. మన బట్టలన్నియు దానికి తాళునవియు కావు.

మరకను వదలించుటకు ముందు అది దేనివలన పడినదో తెలిసికొనవలెను. ఓబులదేవరచెరువు పరిసరములలో ఎక్కువగా కనిపించు మరకలు ఎర్రమన్ను, వేరుసెనగనూనె, మోటారు జిడ్డు, ఆకువక్క, పసుపు, త్రుప్పు. వీనిలో కడపటిదానిని గూర్చి ముందుగా చెప్పవలసి యున్నది. ఏలయన, బ్లీచింగ్ పౌడరు త్రుప్పుమరకను వదలింపజాలదు సరికదా, దానిని మరింత ముదురు చేయును. త్రుప్పు అనగా గాలితో కలిసిన ఇనుమే. బ్లీచింగ్ పౌడరు చేయు పని కూడ అట్టి కలయికను హెచ్చించుటయే. నీటిలో కరగి కంటికి కనబడకుండ వచ్చిన ఇనుమును సైతము అది త్రుప్పుగా మార్చి బట్టలో నిలుపును. బ్లీచింగు వేసి ఉతికిన తెల్లపంచె ఆరిన పిదప పసుపు చారలతో కనబడుటకు తరచుగా ఇదియే కారణము.

త్రుప్పునకు మందు నిమ్మరసము, ఉప్పు. మరకపై మెత్తని ఉప్పు చల్లి, దానిపై నిమ్మరసము పిండి, గంటసేపు ఎండలో ఉంచి, ఆరిపోవుచుండిన మరల రసము పిండుచుండవలెను. పిమ్మట నీటితో పలుమారులు జాడింపవలెను. పులుపు నిలిచిపోయిన నూలు దారము బలహీనపడును. పాతమరక ఒక్కసారికి పోదు, రెండు మూడు దినములు చేయవలసి యుండును. రంగుబట్టలకైనచో ముందుగా లోపలి అంచున ఒకచోట పరీక్షించి చూచుట మంచిది.

ఆకువక్క మరకకును త్రుప్పునకును ఒక చుట్టరికము కలదు. శ్రీకాళహస్తి కలంకారీ పనివారు గుడ్డను కరక్కాయ, గేదెపాలు కలిపిన ద్రవములో ముంచి ఆరబెట్టుదురు. తరువాత ఇనుపముక్కలను బెల్లపునీటిలో పులియబెట్టి తీసిన "కసిమి"తో దానిపై గీతలు గీయుదురు. కరక్కాయలోని ఒగరు పదార్థము ఇనుముతో కలిసి నల్లని రంగుగా మారి దారమును పట్టుకొనును. ఆ నలుపు ఉతుకులకు చెక్కుచెదరదు. వక్కలో, తేయాకులో, దానిమ్మ తొక్కలో, అరటిబోదె రసములో ఉన్నదియు ఇట్టి ఒగరే. ఆకువక్క మరక పడిన చొక్కాను ఇనుము కలిసిన బోరునీటిలోనో, త్రుప్పు పట్టిన బకెట్టులోనో నానబెట్టినచో కలంకారీ పనివాడు కోరి చేయు పనిని మనము కోరకయే చేసినవారమగుదుము. ఎర్రమరక నల్లబడి శాశ్వతమగును. కావున ఒగరు మరకలను తడి ఆరకముందే వాననీటితోనో, శుద్ధిచేసిన త్రాగునీటితోనో చల్లగా కడుగవలెను. కొంచెము మిగిలినచో పులిసిన మజ్జిగలో కొన్ని గంటలు నానబెట్టి ఉతుకవచ్చును. మామూలు సబ్బుబిళ్లను నేరుగా రుద్దుట ఇచ్చట కూడదు. సబ్బులోని క్షారము ఒగరు మరకను ముదురు చేయును.

పసుపు విషయములో గృహిణులు వృథాగా భయపడుచుందురు. పసుపు మరకకు సబ్బు రుద్దగానే అది ఎర్రబడును; బట్ట పాడైనదని తలంచి మరింత గట్టిగా రుద్దుదురు. దిష్టి తీయుటకు పసుపునీటిలో సున్నము కలిపిన ఎర్రనీళ్లగుట చూచినవారికి ఇందు వింత లేదు. సున్నములోను సబ్బులోను ఉన్నది క్షారగుణమే. సబ్బు పూర్తిగా పోవునట్లు జాడించి, చివరి నీటిలో కొంచెము నిమ్మరసము కలిపిన ఎరుపు విరిగి మరల పసుపుపచ్చ అగును. ఆ పిదప తడిబట్టను ఎండలో వేయవలెను. పసుపు రంగు సూర్యరశ్మికి నిలువదు. రెండు మూడు ఎండలకు వెలిసిపోవును.

ఎర్రమన్ను అంటిన బట్టను తడిగా నున్నప్పుడు రుద్దరాదు. మన్ను దారములలోనికి చొచ్చుకొనిపోవును. ఆరనిచ్చి, దులిపి, తరువాత ఉతుకవలెను. మోటారు జిడ్డును సబ్బుకంటె ముందు కొంచెము వేరుసెనగనూనెతో మెత్తబరచి, గుడ్డతో అద్ది తీసి, ఆ పైన గోరువెచ్చని సబ్బునీటితో ఉతుకవలెను. నూనె మరకను తీయుటకు నూనె వాడుట విడ్డూరముగా తోచవచ్చును గాని, జిడ్డును కరగించునది జిడ్డే.

నెత్తుటి మరకకు వేడినీరు శత్రువు. కోడిగ్రుడ్డు తెల్లసొన వేడికి గట్టిపడునట్లు నెత్తురును దారములలో గట్టిపడును. చల్లని ఉప్పునీటిలో నానవేయుటయే మార్గము. స్త్రీలు రుతుకాలమున వాడు గుడ్డలకును ఇదియే వర్తించును. వానిని సిగ్గుపడి చీకటిమూలల తడిగా ఆరవేయుట ఆరోగ్యమునకు మంచిది కాదు. సబ్బుతో ఉతికి, ఎండ తగులుచోట పూర్తిగా ఆరనీయవలెను. పంచాయతీలలో సగము స్థానములు స్త్రీలకే ఉన్నందున ఈ మాటను గ్రామములో చెప్పగలవారికి ఇప్పుడు కొరత లేదు.

ఇక పట్టు. పట్టుపురుగులను పెంచు రైతులు, ధర్మవరమువంటి నేతకేంద్రము కల ప్రాంతమిది. పట్టుచీర ఖరీదు ఎంతయో, ఒక పెండ్లిచీర పాడైన ఆ ఇంట ఎంత బాధయో ఇచ్చటివారికి చెప్పనక్కరలేదు. పట్టుదారము వెండ్రుకవలె మాంసకృత్తులతో ఏర్పడినది. బ్లీచింగ్ పౌడరు దానిని పసుపుపచ్చగా మార్చి, పెళుసుబరచి, చివరకు తినివేయును. చాకలిసోడా కూడ పట్టునకు పనికిరాదు. పట్టుచీరపై నూనె ఒలికినచో రుద్దక, నీరు తగులనీయక, మెత్తని సుద్దపొడినో ముఖమునకు పూయు పౌడరునో దట్టముగా చల్లి రాత్రియంతయు ఉంచి ఉదయమున దులుపవలెను. అప్పటికిని పోనిచో అనుభవముకల పనివారికి అప్పగింపవలెను. పట్టు ఉతుకుటకు కుంకుడురసము మేలు. అది కఠినజలములోను సబ్బువలె విరుగదు.

మరి బ్లీచింగ్ పౌడరు ఎప్పుడు తగును? తెల్లని నూలుబట్టపై పడిన పాత టీ మరకకు, బూజుమరకకు తగును. ప్లాస్టిక్ పాత్రలో లీటరు నీటికి ఒక చెంచా చొప్పున కలిపి, మడ్డి అడుగునకు చేరిన తరువాత పైతేట నీటిని మాత్రమే గుడ్డతో వడగట్టుకొనవలెను. కరగని పలుకు తగిలినచోట బట్టకు చిల్లుపడును. పది నిమిషములకు మించి నాననీయక వెంటనే బాగుగా జాడింపవలెను. ఎక్కువసేపు నానిన ఎక్కువ తెలుపు వచ్చునని తలంచుట పొరపాటు, వచ్చునది చినుగుడే.

అన్నిటికంటె ముఖ్యమైన హెచ్చరిక ఇది. మరక త్వరగా పోవునని బ్లీచింగ్ నీటిలో నిమ్మరసముగాని, చింతపండుగాని, మరుగుదొడ్డి కడుగు యాసిడ్‌గాని కలుపరాదు. కలిపినచో ఘాటైన క్లోరిను వాయువు వెలువడి కండ్లను, ఊపిరితిత్తులను దెబ్బతీయును. తలుపులు మూసిన స్నానపుగదిలో ఇది ప్రాణాపాయము. పసిపిల్లల మూత్రపు గుడ్డలను కడుగకయే ఆ నీటిలో వేసినను హానికరమైన ఆవిరులు పుట్టును. పొరపాటున జరిగినచో పాత్రను ఎత్తుటకు ప్రయత్నింపక వెంటనే ఆరుబయటికి పోవలెను. కండ్లను మంచినీటితో పావుగంటసేపు కడిగి, దగ్గు గాని ఆయాసము గాని ఉన్నచో ఆసుపత్రికి చేరవలెను. పంచాయతీవారు పౌడరు గదికి తాళము వేయుటకు ఈ ఒక్క కారణము చాలును. వేరొకటియు కలదు. మూతి విప్పిన బస్తాలోని పొడి గాలికి, తేమకు, వెలుతురునకు బలము కోల్పోవును. వేయి లీటర్ల నీటికి రెండున్నర గ్రాముల మంచి పొడి సరిపోవునను లెక్క, చచ్చిన పొడికి వర్తింపదు.

ఏ ఉపాయమునకును లొంగని మరకలు లేకపోలేదు. రజకులు పూర్వము ఏ బట్ట ఏ ఇంటిదో తెలియుటకు నల్లజీడి రసముతో గుర్తు పెట్టెడివారు. చౌడుమన్ను పెట్టి, బానలో ఉబ్బవేసి, బండపై ఎన్నిమార్లు బాదినను అది చెరుగదనియే దానిని ఎన్నుకొనిరి. 1962 సార్వత్రిక ఎన్నికల నాటినుండి వ్రేలిపై పెట్టుచున్న సిరాయు ఇట్టిదే. అందులోని వెండి లవణము వెలుతురు తగిలినకొలది నల్లబడును గనుక, పోలింగు కేంద్రములో చొక్కాకు అంటించుకొన్నవారు దానిని ఎండలో వేసి ప్రయోజనము లేదు.

మరక ఒకచోట కాక బట్టయంతట బూడిదరంగుగా పరచుకొనిన దోషము నీటిది. బోరునీటిలోని సున్నపు లవణములు సబ్బుతో కలిసి విరుగుడు వంటి మడ్డిగా మారి దారములలో చేరును. చాకలిసోడాను ముందుగా నీటిలో కరగించి, కొంతసేపు ఆగి, తేటనీటిలో సబ్బు వేసిన నూలుబట్టలకు ఈ బాధ తగ్గును. సీసాలో బోరునీటిని, మరియొక సీసాలో వాననీటిని సగము సగము పోసి, సమముగా సబ్బు వేసి కుదిపి చూచిన నీటి కాఠిన్యము ఎవరికైనను తెలియును. భారత ప్రమాణముల ప్రకారము త్రాగునీటిలో కాఠిన్యము లీటరుకు 200 మిల్లీగ్రాములకు లోబడి యుండుట మేలు. వేరు ఆధారము లేనిచోట 600 వరకు అనుమతింతురు. ఇనుము లీటరుకు 0.3 మిల్లీగ్రాములు దాటినచో బట్టలకు మరక పట్టునని ప్రపంచ ఆరోగ్యసంస్థ తెలుపుచున్నది.

2019లో మొదలైన జలజీవన్ పథకము క్రింద గ్రామములకు అందిన నీటిపరీక్ష పెట్టెలతో కాఠిన్యమును, ఇనుమును, ఫ్లోరైడును కూడ చూడవచ్చును. ఒక వీధిలోని బట్టలకే పసుపు చారలు పడుచుండిన, ఆ వీధి కుళాయినీటిని, బోరువద్ద నీటిని వేరువేరుగా పరీక్షింపవలెను. బోరువద్ద ఇనుము తక్కువగానుండి కుళాయివద్ద ఎక్కువైనచో లోపము గొట్టములది. వానిని మార్పించు వరకు ఉదయమున మొదట వచ్చు ఎర్రనీటిని బట్టలకు వాడక చెట్లకు పోయుడని ఆ వీధివారికి చెప్పవలెను. రెండుచోట్లను ఎక్కువైనచో నమూనాను గ్రామీణ నీటిసరఫరా విభాగపు ప్రయోగశాలకు పంపవలెను.