కౌన్సెలింగ్ ముగిసేటప్పుడు మనసెందుకు బరువెక్కుతుంది?

ఈ వారం ఎపిసోడ్‌లో టైం చాలక వదిలేసిన మాట ఇక్కడ రాస్తున్నాను. మానసిక వైద్యం మొదలుపెట్టమని చాలామంది చెప్తారు. అది ముగిసేటప్పుడు ఏమవుతుందో చెప్పేవాళ్లు తక్కువ. కువైట్‌లో చాలాసార్లు ఆ తేదీని మన అకామా నిర్ణయిస్తుంది కాబట్టి, మనకిది తెలియాలి.

సైకో ఎనాలిసిస్ అంటే నెలలు, ఏళ్ల తరబడి ఒకే డాక్టర్ దగ్గర మనసు విప్పి మాట్లాడే వైద్యం. చెప్పుకోగా చెప్పుకోగా అమ్మానాన్నల మీద ఉండే ప్రేమ, అలక, భయం ఆ డాక్టర్ మీదికి మళ్లుతాయి. దీన్ని ట్రాన్స్‌ఫరెన్స్ అంటారు. అందుకే ముగింపు దగ్గర పడితే పాత ఎడబాట్లన్నీ కదులుతాయి.

ఏమేం అనిపిస్తుంది?

ఏడుపొస్తుంది. "నన్ను వదిలించుకుంటున్నారు" అని కోపమొస్తుంది. తగ్గిన నిద్రలేమి మళ్లీ రావచ్చు. కొందరు చివరి వారాల్లో వెళ్లడమే మానేస్తారు, వాళ్లు వదిలేయకముందే మనమే వదిలేస్తే నొప్పుండదని. ఇంకోపక్క "నేను నిలబడగలను" అనే ధీమా కూడా ఉంటుంది. ఇవన్నీ కలిసి రావడం మామూలే.

ఫ్రాయిడ్ 1910లో సెర్గీ పాంకేయెఫ్ అనే రష్యన్ యువకుడికి వైద్యం మొదలుపెట్టారు. అది ముందుకు సాగకపోతే గడువు పెట్టేశారు. గడువు పడ్డాక అతను దాచుకున్నవి చెప్పాడు. 1914లో వైద్యం ముగిసింది. కానీ తర్వాత అతనికి మళ్లీ చికిత్స కావాల్సి వచ్చింది. గడువు నోరు విప్పిస్తుంది గానీ అన్నీ తీర్చేయదని 1937 నాటి వ్యాసంలో ఫ్రాయిడే రాశారు.

మన సంగతి చూడండి. పిల్లలు నిద్రలో ఉండగా చెప్పకుండా ఎయిర్‌పోర్టుకు బయల్దేరిన తల్లులు మనలో ఎంతమందో. ఏడుపు చూడలేక అలా చేస్తాం. చెప్పకుండా వెళ్లిన ఎడబాటు ఇద్దరిలోనూ తీరకుండా మిగులుతుంది. వైద్యంలోనూ అంతే.

ఏం చేయాలి?

ఎగ్జిట్ తేదీ తెలిసిన వెంటనే డాక్టర్‌కి చెప్పండి. చివరి రెండు మూడు సార్లు ముగింపు గురించే మాట్లాడండి. కోపముంటే అదీ చెప్పండి, వినడం వాళ్ల పనే. మాత్రలు వాడుతుంటే మీ అంతట మీరు ఆపొద్దు. మందుల పేర్లు, మోతాదు రాయించుకోండి. ఊరికెళ్లాక టెలి మానస్ 14416కు ఫోన్ చేయొచ్చు. ఉచితం, తెలుగులో మాట్లాడొచ్చు.

డాక్టర్ దగ్గర నేర్చుకున్న ఆలోచన మాత్రం మీతోనే వస్తుంది. దానికి వీసా అక్కర్లేదు.