వ్రాతపనిలో నిలుకడ

ఏ సంస్థకును ఉద్యోగి కాక, పలువురికి వ్రాసియిచ్చి పారితోషికము పొందువానిని స్వతంత్ర రచయిత యందురు. స్వాతంత్ర్యము కలదు గాని నెలజీతము లేదు. చిక్కంతయు నచ్చటనే యున్నది.

కేవలము కీర్తి ఈ చిక్కును తీర్పజాలదు. హిందీ నవలాకారులు ప్రేమ్‌చంద్ 1921లో ప్రభుత్వోద్యోగమును విడిచి కలమును నమ్ముకొనిరి. కాశీలో ముద్రణాలయము స్థాపించిరి, పత్రికలు నడపిరి. అవి నష్టములనే మిగిల్చినవి. ఆదాయమునకై 1934లో బొంబాయి చలనచిత్ర రంగమునకేగి, అచ్చట ఇమడలేక మరుసటి యేడే మరలివచ్చిరి. అంతటివారికే యిట్లుండగా, క్రొత్తవారు కథల పారితోషికమునే నమ్ముకొనుట యుక్తము కాదు.

మరల మరల వచ్చు చిన్న పనులవలననే నిలుకడ కలుగును. వ్యవసాయ కరపత్రములు, యంత్రముల వాడుక సూచనలకు అనువాదములు, సంఘముల నివేదికలు, రేడియో ప్రసంగములు ఇట్టివి. యంత్రమే అనువదించు ఈ దినములలో, ఆ అనువాదమును దిద్దుటయు నొక పనియైనది. వరి తెగులును పొలమున చూచినవాడు వ్రాసిన కరపత్రము రైతునకు తేలికగా బోధపడును; నిఘంటువు ముందిడుకొని వ్రాసినది తరచు బోధపడదు. గ్రామవాసికి గల బలమిదియే. తెలిసిన విషయముపై రెండు మూడు నమూనాలు సిద్ధపరచి సంస్థలకు పంపవలెను. గడువునకు ఇచ్చినవానికే రెండవ పని వచ్చును. అయినను ఒక్క సంస్థనే ఆశ్రయించుట అపాయము.

ఇక హక్కుల మాట. క్రొత్తవారు ఎక్కువగా నష్టపోవునది ఇచ్చటనే. 1957 నాటి కాపీరైట్ చట్టము ప్రకారము, వేరు ఒడంబడిక లేనిచో, ఉద్యోగి కాని రచయితయే సాధారణముగా తన రచనకు మొదటి హక్కుదారు. ప్రభుత్వము వ్రాయించినదానికి మాత్రము నియమము వేరు. ఆ హక్కు రచయిత జీవితకాలమును, తదుపరి 60 ఏండ్లును నిలుచును. దానిని పరులకు బదిలీ చేయుట వ్రాతమూలకముగా, సంతకముతో జరుగవలెను; నోటిమాట చాలదు. పత్రములో కాలపరిమితి లేనిచో 5 ఏండ్లనియు, ప్రదేశము పేర్కొననిచో భారతదేశమునకు మాత్రమే యనియు చట్టము గ్రహించును. కావున “సర్వహక్కులు శాశ్వతముగా” అను పంక్తి కనబడినచో సంతకమునకు ముందు ఆగుడు. ఒక్కమారు ముద్రణకే అనుమతి నిచ్చెదనని అడుగవచ్చును. అడిగినచో పని పోవునను భయము కొంత నిజమే. కరపత్రము విషయమున పట్టు విడువవచ్చును గాని, పుస్తకము విషయమున విడువరాదు.

పంపిన తేదీ, రావలసిన మొత్తము, అందిన తేదీ ఒక పుస్తకమున వ్రాసికొనుడు. మూడు నెలలు దాటినను బాకీ తీర్పనివారికి, పాతది ముట్టువరకు క్రొత్త రచన పంపకుడు.