మొప్పలు తెల్లబడ్డ సాల్మన్

చేపలు కొనేటప్పుడు మీ అమ్మ ఏం చేస్తుందో ఎప్పుడైనా గమనించారా? ముందు మొప్ప ఎత్తి చూస్తుంది. ఎర్రగా ఉంటే చేప తాజాది. పాలిపోయి ఉంటే, ఎంత తక్కువ ధర చెప్పినా పక్కన పెట్టేస్తుంది. మరి నీళ్ళలో ఈదుతున్న చేపకే మొప్పలు తెల్లబడితే?

1984లో నార్వే నైరుతి తీరంలో సాల్మన్ చేపలు పెంచేవారికి ఇదే అనుభవం ఎదురయింది. చేపలు మేత మానేసి, మందకొడిగా తిరిగి, చచ్చిపోయేవి. కోసి చూస్తే పొట్టలో నీరు చేరి, కాలేయం నల్లబడి ఉండేది. ఆరోగ్యంగా ఉన్న సాల్మన్ రక్తంలో దాదాపు 40 శాతం ఎర్ర రక్తకణాలే. జబ్బు ముదిరిన చేపల్లో అవి 10 శాతం కూడా లేవు! అందుకే దీనికి సాల్మన్ అంటు రక్తహీనత అని పేరు పెట్టారు.

సాల్మన్ పెంపకం మన చేపల చెరువులాంటిది కాదు. సముద్రంలోనే పెద్ద పెద్ద గుండ్రని వలలు వేలాడదీసి వాటిలో పెంచుతారు. నార్వేలో ఒక్కొక్క వలలో 2 లక్షల చేపల దాకా ఉంచవచ్చు. వల కంతల్లోంచి చేప బయటికి పోలేదు. కాని నీరు పోతుంది, నీటితోపాటు వైరస్ కూడా పోతుంది.

నార్వే వారు కొన్ని కట్టుబాట్లు పెట్టుకున్నారు. పాత చేపల్ని పూర్తిగా తీసేశాకే కొత్త పిల్లల్ని వేయాలి. సముద్రంలో పెరుగుతున్న చేపల్ని ఒకచోటి నుంచి మరోచోటికి తరలించకూడదు. చేపలు కోసిన చోట రక్తం కలిసిన నీటిని శుద్ధి చేయకుండా వదలకూడదు. 1990 ప్రాంతంలో ఉద్ధృతంగా ఉన్న వ్యాధి 1994 నాటికి బాగా తగ్గింది. తమాషా ఏమిటంటే, ఈ వైరస్‌ను ప్రయోగశాలలో పెంచి వేరుచేయగలిగింది 1995లో! దొంగ ఎవరో తెలియకముందే తలుపులు వేసుకున్నారన్నమాట.

తీరా చూస్తే ఆ దొంగ మనకు తెలిసిన కుటుంబం వాడే. మనకు వచ్చే ఫ్లూ, కోళ్ళకు వచ్చే బర్డ్ ఫ్లూ వైరస్‌లకు ఇది దాయాది. భయపడకండి, ఇది మనుషులకు సోకదు. చల్లని నీటి చేపలకు అలవాటుపడిన ఈ వైరస్ 25 డిగ్రీల సెల్సియస్ వద్దే పెరగలేదు. మన ఒంటి వేడి 37 డిగ్రీలు కదా!

కాని చేపల మాట వేరు. 2007లో చిలీ దేశంలోని చిలోయే ద్వీపం దగ్గర ఈ వ్యాధి బయటపడింది. అట్లాంటిక్ సాల్మన్ ఆ దేశపు చేప కాదు, అప్పట్లో బయటినుంచి గుడ్లు తెప్పించి పెంచేవారు. వలలు దగ్గరదగ్గరగా ఉండటంతో వ్యాధి తీరమంతా పాకింది. 2010 నాటికి అక్కడ ఈ చేపల దిగుబడి సుమారు మూడో వంతుకు పడిపోయింది. వేలాదిమంది కూలీలకు పని పోయింది.

అసలు ఈ వైరస్ ఎక్కడినుంచి వచ్చింది? దీనికి ఒక సాధు రూపం ఉంది. అది మొప్పల మీద కొంతకాలం ఉండి, ఏ హానీ చేయకుండా పోతుంది. దాని పైపొరలోని ఒక ప్రోటీన్‌ను తయారుచేసే జన్యువులో చిన్న ముక్క ఊడిపోతే, ఆ సాధువే హంతకిగా మారుతుంది. విశాల సముద్రంలో అలాంటి హంతకి తన చేపను త్వరగా చంపుకుని, మరో చేప దొరక్క తానూ నశించవచ్చు. వలలోనో? పక్కనే లక్ష చేపలు!

సాధు రూపం ఉన్న చేప పైకి నిక్షేపంగా ఉంటుంది. మొప్ప ఎత్తి చూసినా ఎర్రగానే కనిపిస్తుంది. మొప్ప నుంచి కొద్దిగా కణజాలం తీసి పరీక్షిస్తేనే ఆ సంగతి బయటపడుతుంది. అలా బయటపడితే ఏం చేయాలి? వలనిండా ఉన్న ఆరోగ్యమైన చేపల్ని ఏరిపారేయాలా, లేక ఆ ముక్క ఊడుతుందేమోనని కాపలా కాయాలా? హంతక రూపం కనిపిస్తే నార్వేలో వలలు ఖాళీ చేయిస్తారు. సాధు రూపానికి మాత్రం, ఇప్పటికి, కాపలాయే.